బెంగళూరు నాగరత్నమ్మ కచేరీ జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలకు సంగీతం చెప్పడం నా వృత్తి. ఏటా పుష్య మాసంలో టీవీలో తిరువైయారులో జరిగే త్యాగరాజస్వామి ఆరాధన చూసి మర్నాడు పాఠానికి వచ్చే పిల్లలు, వాళ్ళను దింపడానికి వచ్చే అమ్మానాన్నలు నన్ను నాగరత్నమ్మ గారి గురించి అడుగుతూ ఉంటారు. అడిగినవే మళ్ళీ అడుగుతారు, చెప్పిందే మళ్ళీ చెబుతాను. అవన్నీ ఒక చోట రాసి పెట్టాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను.

నాగరత్నమ్మ అంటే త్యాగరాజస్వామికి సమాధి మందిరం కట్టించిన ఆవిడే కదా?

ఆవిడే. కవయిత్రి ముద్దుపళని రాసిన "రాధికా సాంత్వనం" కావ్యాన్ని వెతికి పట్టుకుని 1910లో అచ్చు వేయించినదీ ఆవిడే. చాలామందికి ఈ రెండే తెలుసు. ఒకరు భక్తురాలు అంటారు, ఇంకొకరు తొలి స్త్రీవాది అంటారు. రెండూ ఒప్పే. కానీ ఆ గుడికీ ఆ పుస్తకానికీ డబ్బు ఎక్కడిది? పెద్దపెద్దవాళ్ళకు ఎదురు నిలిచే ధైర్యం ఎక్కడిది? పాట ఇచ్చిందే. దాదాపు ముప్ఫై ఏళ్ళు ఊరూరా తిరిగి కచేరీలు చేసిన వృత్తి గాయని ఆమె. ఆ సంగతి పక్కన పెడితే మిగతా కథ గాలిలో తేలిపోతుంది. అందుకే ఇక్కడ ఎక్కువగా ఆ కచేరీల సంగతే చెబుతాను.

ఎక్కడ పుట్టారు? తెలుగావిడేనా?

1878 నవంబరు 3న మైసూరు సంస్థానంలోని నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టులక్ష్మి దేవదాసి కుటుంబానికి చెందినావిడ. తండ్రి సుబ్బారావు గారు వకీలు, తల్లీబిడ్డలను వదిలేశారు. పుట్టింది కన్నడ దేశం, ఎక్కువ కాలం బతికింది మద్రాసు, కన్నుమూసింది కావేరి ఒడ్డున. అయితే పాడిన వాటిలో పెద్ద భాగం తెలుగు, ఆమె పేరు మీద గొడవ తెచ్చిన పుస్తకం తెలుగు, దానికి రాసిన పీఠిక తెలుగు. మన భాషలో ఆమెకున్న చోటును పుట్టిన ఊరితో కొలవక్కర్లేదు.

సంగీతం ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

మొదట మైసూరులో ఆస్థాన పండితుడు గిరిభట్ట తిమ్మయ్య గారి దగ్గర సంస్కృతం, సంగీతం. అక్కడ పొసగక తల్లి మైసూరు వదిలి వచ్చేసింది. కూతుర్ని విదుషిగా నిలబెట్టాలని పట్టుదల పట్టింది. ఆ కూతురు వేదికెక్కి పేరు తెచ్చుకోవడం చూసే అదృష్టం మాత్రం ఆ తల్లికి దక్కలేదు. మేనమామ వెంకటస్వామప్ప వయొలిన్ వాయించేవారు, ఆయనే పిల్లను చేరదీశారు.

బెంగళూరులో దొరికిన గురువు మునుస్వామప్ప గారు. ఆయన వాలాజపేట కృష్ణస్వామి భాగవతార్ శిష్యుడు. కృష్ణస్వామి భాగవతార్, ఆయన తండ్రి వేంకటరమణ భాగవతార్, ఇద్దరూ త్యాగరాజస్వామి దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్ళే. అంటే స్వామికి, నాగరత్నమ్మకు మధ్య గురువులు ఇద్దరే. సంగీతం నేర్పేవాళ్ళకు ఇది ఎంత దగ్గరితనమో తెలుస్తుంది. పాఠాంతరం, అంటే గురువు నుంచి శిష్యుడికి అందే పాట రూపం, చేతులు మారే కొద్దీ సంగతులు (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులు) అరుగుతాయి, కొన్ని చేరుతాయి. రెండే చేతులు మారి వచ్చిన పాఠం ఆమెది. తర్వాతి రోజుల్లో ఆ సమాధి ఆమెకు సొంత ఇంటి వ్యవహారంలా ఎందుకు తోచిందో ఇక్కడే అర్థమవుతుంది.

దేవదాసి కుటుంబానికీ కచేరీ పాటకూ సంబంధం ఏమిటి?

అప్పట్లో ఆడపిల్ల వేదిక మీద కూర్చుని పాడాలంటే ఆ కుటుంబాల్లో పుట్టి ఉండాలి. మిగతా ఇళ్ళ ఆడవాళ్ళు పాడేది వంటింట్లో, ఊయల దగ్గర, పేరంటంలో. దేవదాసి ఇళ్ళలో ఆడపిల్లకు అయిదేళ్ళకే స్వరం, చదువు, ఆట మొదలయ్యేవి. ఆ ఇళ్ళ మగవాళ్ళు నట్టువాంగం (తాళం వేసి ఆటను నడిపించడం), మృదంగం, వయొలిన్ పట్టేవారు. ఆస్తి ఆడపిల్లకు దక్కేది. క్షేత్రయ్య పదాలు వందల ఏళ్ళుగా బతికి ఉన్నాయంటే ఆ ఇళ్ళే కారణం.

నాగరత్నమ్మ వేదిక ఎక్కే వయసుకు గాలి ఎదురు తిరిగింది. 1892–93 నాటికి మద్రాసులో, మన గోదావరి జిల్లాల్లో భోగంమేళాలకు, అంటే దేవదాసీల ఆటపాటలకు వ్యతిరేకంగా ఉద్యమం ఊపందుకుంది. పెళ్ళిలో మేళం పెట్టించం, పెట్టించిన పెళ్ళికి వెళ్ళం అని సంతకాలు చేశారు. వైస్రాయికి, మద్రాసు గవర్నరుకు అర్జీలు వెళ్ళాయి. సంస్కర్తల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ అప్పుడే అరంగేట్రం చేసిన పదిహేనేళ్ళ పిల్ల వైపు నుంచి చూడండి. తను పుట్టినప్పటి నుంచీ నేర్చుకున్న విద్యను ఊరు ఊరంతా తప్పు అంటోంది. ఆట వైపు వెళ్ళిన చాలామందికి దారి మూసుకుపోయింది. పాట వైపు వచ్చినవాళ్ళకు సన్నని సందు మిగిలింది, అది కచేరీ.

బెంగళూరులో పేరు వచ్చాక మద్రాసుకు ఎందుకు వెళ్ళారు?

మైసూరు దర్బారులో పాడారు, బెంగళూరులో మంచి ఇల్లు, మంచి పేరు ఉన్నాయి. మైసూరు చీఫ్ కోర్టు జడ్జి నరహరిరావు గారు ఆమెను ఆదరించారు. పాటే బతుకుగా ఎదగాలంటే మద్రాసే సరైన చోటు అన్నదీ ఆయనే. ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్ళలో ఆమె మద్రాసు జార్జిటౌనులో స్థిరపడ్డారు. అక్కడ సి.వి. రాజరత్నం మొదలియార్ గారు అండగా నిలిచి ఇల్లు ఏర్పాటు చేశారు.

మద్రాసే సరైన చోటు అన్న మాట నిజం కూడా. రాజుల కొలువులు సన్నగిల్లుతున్న కాలం అది. తంజావూరు సంస్థానం 1855లోనే పోయింది. కొలువును నమ్ముకున్న విద్వాంసులు ఒక్కొక్కరూ మద్రాసు చేరారు. వీణ ధనమ్మాళ్ ఇల్లు జార్జిటౌనులోనే, శుక్రవారం సాయంత్రాలు ఆమె వీణ వినడానికి మహామహులు వచ్చి చాప మీద కూర్చునేవారు. గాయని కోయంబత్తూరు తాయి అక్కడే. ధనికులైన వర్తకులు, వకీళ్ళు, జడ్జీలు అక్కడే. కచేరీలు పెట్టించే తిరువల్లిక్కేణి పార్థసారథిస్వామి సభ 1900లో మొదలైంది. రాజు దయ మీద బతికిన పాట, టిక్కెట్టు కొన్న శ్రోత మీద బతకడం నేర్చుకున్నది ఆ వీధుల్లోనే.

ఆ రోజుల్లో కచేరీ ఎలా ఉండేది?

ఇప్పుడు మనం వినే వరస, అంటే వర్ణంతో మొదలై చిన్న కృతులు, ఒక పెద్ద కృతి, తని (మృదంగం లాంటి లయవాద్యాలు మాత్రమే మోగే భాగం), చివర తుక్కడాలు (తేలికపాటి చిన్న పాటలు), ఇది తర్వాత గాయకుడు అరియక్కుడి రామానుజయ్యంగార్ గారి చేతిలో కుదురుకుంది. 1900 ప్రాంతంలో రాగం, తానం, పల్లవిదే పెత్తనం, అంటే రాగాన్ని విస్తరించి, చివర ఒక్క పాదాన్ని పట్టుకుని లయతో ఆడుకోవడం. మగ విద్వాంసుడు ఒక్క పల్లవి మీద గంటలు గడిపేవాడు. అయిదారు గంటల కచేరీ అంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు.

ఆడవాళ్ళ కచేరీ తీరు వేరు. వాళ్ళ దగ్గర సాహిత్యం ఎక్కువ. కృతి, పదం, జావళి (పదం, జావళి రెండూ శృంగార గీతాలే), శ్లోకం. మాట నోట్లో పండేలా పలకడం వాళ్ళ ఇళ్ళలో చిన్నప్పటి నుంచీ అబ్బిన విద్య. పల్లవి మగవాళ్ళది, పదం ఆడవాళ్ళది అన్న గీత ఎవరు గీశారో కానీ బలంగా గీశారు. పెద్ద పేరున్న పక్కవాద్యం వాళ్ళు కొందరు ఆడవాళ్ళకు వాయించేవారు కారు, ఇరవయ్యో శతాబ్దం సగం దాటాక కూడా ఆ పట్టింపు పూర్తిగా పోలేదు. మేనమామో, అన్నదమ్ములో పక్కన వయొలిన్ పట్టుకుని కూర్చుంటే తప్ప ఆడవాళ్ళ కచేరీ నడవని రోజులు.

మైకు లేదు కదా, ఎలా వినిపించేది?

గొంతే మైకు. పందిట్లో వెనక వరసలో కూర్చున్నవాడికి సాహిత్యం అందాలి. అందుకని పై శ్రుతి పట్టేవారు, గొంతు విప్పి పాడేవారు. ఇప్పటి పిల్లలు మైకు దగ్గర గుసగుసగా పాడితే నేను ఒక పని చేయిస్తాను. మేడ మీద ఈ చివర నిలబెట్టి, ఆ చివర నిలబడ్డ స్నేహితురాలికి పల్లవి వినబడేలా పాడమంటాను. అరవకూడదు, శ్రుతి జారకూడదు. పావుగంటకే చెమటలు పడతాయి. నాగరత్నమ్మ గొంతులో కాస్త మగరాయుడి గాంభీర్యం ఉండేదని విన్నవాళ్ళు చెప్పారు. ఆ కాలానికి అది వరం.

మొత్తం ఎన్ని కచేరీలు చేశారు?

ఆమె లెక్క రాసుకునేవారు. 1905 నుంచి 1934 దాకా 1,235 కచేరీలు, 116 ఊళ్ళు. ఏడాదికి నలభైకి పైనే. పండగలు, పెళ్ళిళ్ళ ముహూర్తాలు ఉన్న నెలల్లో కచేరీలు ఎక్కువ పడతాయి, ఆషాఢం లాంటి నెలల్లో తక్కువ. ఆ లెక్కన కొన్ని నెలలు ఆమె ఇంట్లో నిద్రపోయిన రాత్రులు వేళ్ళ మీద లెక్కపెట్టాలి.

నాకు ఈ అంకె కన్నా, రాసుకుంది చూడండి, ఆ అలవాటు మీద ప్రేమ. ఆ తరం గాయకుల్లో చాలామంది చేసిన కచేరీలకు ఏ ఆధారమూ లేదు. వాళ్ళ శిష్యులు చెప్పిన మాటలే మిగిలాయి. నాగరత్నమ్మ తన పనిని పనిగా చూసింది. ఏ ఊరు, ఏ రోజు అని పద్దు రాసే చేయి అది. అలాంటి చేతికి గుడి కట్టే పని అప్పగిస్తే పూర్తి కాకుండా ఎలా ఉంటుంది?

అన్ని ఊళ్ళు ఎలా తిరిగారు?

రైలు. ఇరవై ఏళ్ళ ముందు పుట్టి ఉంటే ఈ జీవితం సాధ్యపడేది కాదు. కృష్ణ మీద బెజవాడ వంతెన 1893లో, గోదావరి మీద రాజమండ్రి హేవలాక్ వంతెన 1900లో వచ్చాయి. దానితో మద్రాసు నుంచి కోస్తా వెంబడి కలకత్తా దాకా దారి తెరుచుకుంది. దక్షిణాన తంజావూరు, మధుర వైపు అప్పటికే రైళ్ళు నడుస్తున్నాయి. పాత తరం విద్వాంసులు ఎడ్లబండ్ల మీద, పల్లకీల్లో వెళ్ళి ఒక్కో ఊళ్ళో నెలలు గడిపేవారు. ఈ తరం తంబురాను గుడ్డలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టి, రాత్రి బండెక్కి, మర్నాడు పందిట్లో దిగేది.

ఆమె ప్రత్యేకత ఏ రాగం? ఏం పాడేవారు?

యదుకుల కాంభోజి పాడితే నాగరత్నమ్మే పాడాలి అనేవారట. తొందరపడని రాగం అది, ఓపిక ఉన్న గొంతుకే లొంగుతుంది. త్యాగరాజ కృతులు సరే సరి. సంస్కృతం బాగా చదువుకున్నారు కనుక శ్లోకాన్ని రాగమాలికలో విప్పి, అర్థం చెడకుండా పదం విరిచి పాడేవారు. హరికథలూ చెప్పారు. కన్నడం, తెలుగు, సంస్కృతం ఆమెకు మూడు వీధుల్లా ఉండేవి, ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి నడిచి వెళ్ళేవారు. "విద్యాసుందరి" అన్న బిరుదు ఊరికే రాలేదు.

ఆమె పాడిన రికార్డులు ఉన్నాయా?

ఉన్నాయి, కొద్దిగా. గ్రామఫోను కంపెనీ మనుషులు 1902లో మొదటిసారి మన దేశానికి వచ్చి కలకత్తాలో రికార్డు చేశారు. తర్వాతి కొద్ది ఏళ్ళలో మద్రాసుకూ వచ్చారు. పాడేవారి ముందు పెద్ద గొట్టం. దాంట్లోకి మొహం పెట్టి పాడితే ఆ కదలికకు సూది మైనం మీద గీత గీసేది. కరెంటు లేదు, మైకు లేదు. 1925 దాకా ఇదే పద్ధతి. ఆ మైనం పలకలను ఓడ మీద జర్మనీలోని హనోవర్‌కు పంపి ప్లేట్లు వేయించి తెచ్చేవారు. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక ఆ ఓడ ప్రయాణం తప్పింది.

పది అంగుళాల ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాలు. గంటసేపు విస్తరించే రాగాన్ని మూడు నిమిషాల్లో కుదించాలి. మగ విద్వాంసుల్లో చాలామంది ఆ గొట్టం దగ్గరకు రావడానికి వెనకాడారు. పరువు తక్కువ అన్నారు, గొంతు పోతుందని భయపడ్డారు. ఆడవాళ్ళు ముందుకు వచ్చారు. అందుకే ఆ మొదటి పదేళ్ళ ప్లేట్లలో దేవదాసి గాయనుల గొంతులే ఎక్కువ.

హైదరాబాదులో ప్లేట్లు పోగుచేసే ఒక పెద్దాయన ఇంట్లో నాగరత్నమ్మ ప్లేటు విన్నాను. ఆయన ప్లేటును రెండు అరచేతుల అంచుల మధ్య పట్టుకుని, మెత్తని గుడ్డతో గీతల వెంబడి గుండ్రంగా తుడిచి, కొత్త సూది బిగించి, చెయ్యి వణక్కుండా దించారు. ముందు వేరుశనక్కాయలు వేగుతున్నట్టు చిటపట. తర్వాత ఆ చప్పుడు వెనక నుంచి, గోడ అవతల ఎవరో పాడుతున్నట్టు, గొంతు. కాలం చాలదని పరుగు పెట్టినట్టే ఉంది. సంగతులు మాత్రం ఒక్కటీ చెదరలేదు. మూడు నిమిషాలు అయిపోయాక ప్లేటు ఊరికే తిరుగుతోంది, మా ఇద్దరికీ సూది ఎత్తాలని తోచలేదు.

ఆ కాలంలో ఇంకా ఎవరి ప్లేట్లు వినాలి?

కోయంబత్తూరు తాయి, సేలం గోదావరి, కాంచీపురం ధనకోటి అమ్మాళ్. తాయి ప్లేట్లు ఫ్రాన్సు దాకా చేరాయి. మోరిస్ దెలాజ్ అన్న స్వరకర్త ఆమె పాటకు ముగ్ధుడై మన దేశం వచ్చి విని, దాన్నే ఆధారం చేసుకుని "రాగమాలిక" అన్న రచన చేశాడు. ఆమె 1917లో చిన్న వయసులోనే పోయింది. నాగరత్నమ్మను వినేముందు తాయిని వినండి అని మా పిల్లలకు చెబుతాను. గొంతు వేగం ఎంత ఉండేదో తెలుస్తుంది.

కచేరీలతో నిజంగా సంపాదించారా?

సంపాదించారు. మద్రాసులో ఇల్లు, నగలు, బ్యాంకులో డబ్బు. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన తొలి మహిళా కళాకారిణి అని ఆమె గురించి చెబుతారు. ఆ మాట నా విద్యార్థులకు గట్టిగా చెబుతాను. సంగీతం నేర్చుకుంటే బతుకు ఎలా గడుస్తుంది అని అడిగే తండ్రులకు ఇంకా గట్టిగా చెబుతాను. ఆమెకు మొదట్లో పోషకులు ఉన్నారు, నిజమే. కానీ 1920లకు వచ్చేసరికి తన సొంత డబ్బుతో తన ఇష్టం వచ్చిన పని చేసే స్థితిలో ఉన్నారు. ఆ కాలంలో ఎంతమంది ఆడవాళ్ళకు చెక్కు మీద సంతకం చేసే హక్కు ఉంది?

"రాధికా సాంత్వనం" గొడవ ఏమిటి?

ముద్దుపళని తంజావూరును ఏలిన ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి, పద్దెనిమిదో శతాబ్దం. 584 పద్యాల శృంగార కావ్యం. తంజావూరు ఆంధ్ర రాజుల చరిత్ర చదువుతూ ఉంటే నాగరత్నమ్మకు ఈ కావ్యం ప్రస్తావన కనబడింది. అంతకు ముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు తీసేశారు, ముద్దుపళని తన వంశాన్ని చెప్పుకున్న భాగమూ లేదు. వ్రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి, పూర్తి పాఠం సిద్ధం చేశారు. 1910లో వావిళ్ళ వారు అచ్చు వేశారు.

కందుకూరి వీరేశలింగం గారు కవుల చరిత్రలో ముద్దుపళనిని నిందించారు. నాగరత్నమ్మ తన పీఠికలో ఆయన్ని నేరుగా ప్రశ్నించారు. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కర్లేదా అని అడిగారు. ఇలాంటి శృంగారమే ఉన్న "వైజయంతీ విలాసం" అచ్చును పంతులు గారే చూసి పంపారు కదా అని గుర్తు చేశారు. 1911లో ప్రభుత్వం ప్రతులు పట్టుకుంది, పుస్తకం నిషేధంలో పడింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం వచ్చాకే ఆ నిషేధం తొలగింది. 1952లో వావిళ్ళ వారు మళ్ళీ వేశారు.

వీరేశలింగం గారంటే నాకు చాలా గౌరవం. అయినా ఈ విషయంలో న్యాయం నాగరత్నమ్మ వైపే ఉంది.

ఆ గొడవతో కచేరీలు తగ్గాయా?

పైన చెప్పిన పద్దు చూడండి. 1934 దాకా ఆగలేదు.

సమాధి మందిరం ఎలా కట్టించారు?

త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. కావేరి ఒడ్డున చిన్న బృందావనం (సమాధి మీద కట్టే తులసికోట లాంటి దిమ్మె) ఒకటే గుర్తుగా మిగిలింది. 1903లో విద్వాంసులైన ఉమయాళ్పురం సోదరులు దాన్ని బాగు చేయించారు. మళ్ళీ ముళ్ళపొదలు మూసుకున్నాయి. ఏటా ఆరాధన జరుగుతోంది, కానీ అప్పటికే పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు వర్గాలు, ఒకరి మీద ఒకరు పోటీ. సమాధి ఎలా ఉందో పట్టించుకున్నవాళ్ళు లేరు.

ముసలివాడైన గురువు మునుస్వామప్ప గారు అక్కడికి వెళ్ళి ఆ పాడుపడ్డ స్థితి చూసి నాగరత్నమ్మకు ఉత్తరం రాశారు. స్వామి కలలో కనిపించారని కూడా అంటారు. నా మటుకు నాకు ఆ ఉత్తరమే చాలు. గురువుగారి గురువులకు గురువు, ఆయన సమాధి మీద పొదలు. 1921లో పని మొదలుపెట్టారు. చుట్టూ ఉన్న నేల సంపాదించారు, నగలు అమ్మారు, మందిరం కట్టించి స్వామి విగ్రహం పెట్టారు. 1925 జనవరి 7న కుంభాభిషేకం జరిగింది. మధ్య మధ్య కచేరీలు ఆపలేదు, ఆపితే ఇటుకలకు డబ్బు రాదు.

తను కట్టించిన గుడిలోనే పాడనివ్వలేదని విన్నాను, నిజమా?

నిజం. రెండు కట్చిలూ ఒకదాన్నొకటి తిట్టుకున్నా, ఆడవాళ్ళు ఆరాధనలో పాడకూడదన్న విషయంలో ఒక్కటే. ఇది రాసేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. ఆమె కోర్టుల చుట్టూ తిరుగుతూ కూర్చోకుండా, సమాధి వెనక వైపు ఆడవాళ్ళ చేత వేరే ఆరాధన మొదలుపెట్టించారు. ఎక్కడెక్కడి నుంచో గాయనులు రైళ్ళెక్కి వచ్చారు. అలా మూడో కట్చి పుట్టింది. పోటీ పెరిగే కొద్దీ జనం ఆడవాళ్ళ వైపు చూడడం మొదలైంది. చివరికి 1940 ప్రాంతంలో పెద్దలు కూర్చుని వర్గాలను కలిపారు. ఆ తర్వాత అందరూ ఒక్క చోట, ఆడా మగా కలిసి. ఇప్పుడు మీరు టీవీలో చూసే పంచరత్న గోష్ఠిలో ఆడవాళ్ళ వరస కనబడుతుంది కదా, ఆ వరసలో మొదటి చోటు ఆమెది.

దేవదాసీ నిషేధ చట్టాన్ని ఆమె వ్యతిరేకించారట, ఎందుకు?

1927లో మద్రాసు రాజధానిలో దేవదాసీలు సంఘం పెట్టుకున్నప్పుడు దానికి నాగరత్నమ్మ అధ్యక్షురాలు. డాక్టరు, శాసనమండలి సభ్యురాలు ముత్తులక్ష్మీరెడ్డి గారు దేవదాసీ పద్ధతిని రద్దు చేసే చట్టం కోసం పోరాడుతున్నారు. ముత్తులక్ష్మి గారి తల్లి కూడా ఆ కుటుంబాల్లోంచి వచ్చినావిడే, ఆమె బాధ నిజమైన బాధ. నాగరత్నమ్మ వాదన వేరు: మా పిల్లలకు చదువు చెప్పండి, సంగీతం సాహిత్యం నేర్పండి, ఆస్తి హక్కు తీయకండి, తప్పు చేసినవాళ్ళను శిక్షించండి, అంతేకానీ కులం మొత్తాన్ని వేశ్యలని ముద్ర వేయకండి. 1947లో చట్టం వచ్చింది. ఆడపిల్లల్ని గుడికి ముడిపెట్టడం ఆగింది, అది మంచిదే. కానీ వాళ్ళ పాట, వాళ్ళ పాఠాలు కూడా చాలా పోయాయి. తర్వాతి తరంలో వేదిక మీదకు వచ్చిన గాయనులు వేరే ఇళ్ళవాళ్ళు. వాళ్ళకు దారి వేసినవాళ్ళ పేర్లు మెల్లగా మరుగున పడ్డాయి. ఈ విషయంలో ఎవరో ఒకరి పక్షం తీసుకోమంటే నా వల్ల కాదు.

చివరి రోజులు ఎలా గడిచాయి?

మద్రాసు వదిలి తిరువైయారులోనే ఉండిపోయారు. స్వామి మీద సంస్కృతంలో అష్టోత్తర శతనామావళి రాశారు. ఉన్న ఆస్తి సమాధి పేర ట్రస్టుకు రాసిచ్చారు. అందులో షరతు పెట్టారు: ఆడవాళ్ళకు, దేవదాసి కుటుంబాల వాళ్ళకు కూడా అక్కడ పాడే హక్కు ఉండాలి. 1952 మే 19న కన్నుమూశారు. "రాధికా సాంత్వనం" మళ్ళీ అచ్చయిన ఏడాదే.

ఇప్పుడు తిరువైయారు వెళితే ఏం చూడాలి?

తంజావూరు నుంచి పదమూడు కిలోమీటర్లు, బస్సులు దండిగా ఉంటాయి. వీలైతే ఆరాధన రోజుల్లో కాకుండా మామూలు రోజున వెళ్ళండి, రద్దీ ఉండదు. స్వామికి దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగితే ఎదురుగానే నాగరత్నమ్మ సమాధి. చేతులు జోడించి కూర్చున్న విగ్రహం, చూపు స్వామి వైపు. మేం వెళ్ళిన రోజు మధ్యాహ్నం అక్కడ ఎవరూ లేరు. నాతో వచ్చిన పిల్లల్లో అందరికన్నా చిన్నది స్వామి దగ్గర పాడాల్సిన కృతిని ముందు ఇక్కడ పాడొచ్చా అని అడిగింది. పాడమన్నాను. యదుకుల కాంభోజి ఇంకా దానికి రాదు, వచ్చిందే పాడింది, గొంతు విప్పి.